యెం అన్నా ఎం అన్నా అర్థమైందిగా, మరి నవ్వెందుకు

ఎవరైనా "వోన్లీ" అన్నారనుకోండి, పక్కన ఉన్నవాళ్ళలో ఒకళ్ళైనా నవ్వుతారు. "యెం.ఎస్సీ" అంటే నవ్వుతారు, "బిజీ"లో జ గట్టిగా పడితే నవ్వుతారు, "ఇస్కూల్" అంటే ఇంక చెప్పక్కర్లేదు. దీని గురించి చాలా రోజుల్నుంచి రాయాలని ఉంది, ఎందుకంటే ఇంగ్లీష్ ఉచ్చారణ మీద మనవాళ్ళు పెట్టుకున్న లెక్క మొత్తం తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం. మనం నవ్వే శబ్దాల వల్ల అవతలివాళ్ళకి అర్థం కాకుండా పోయేది దాదాపు ఏమీ ఉండదు, ఆ శబ్దంలో మనిషి ఊరూ, చదివిన బడీ, ఇంట్లో ఎవరూ ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు లేరన్న సంగతీ వినపడతాయి, మనం నవ్వేది వాటి మీద. నిజంగా అర్థం కాకుండా చేసేవి వేరే ఉన్నాయి, వాటి మీద ఎవరూ నవ్వరు, ఎవరూ నేర్పరు కూడా.

ముందు "వోన్లీ" సంగతే చూద్దాం. తెలుగులో మాట మొదట్లో ఒ, ఓ వస్తే నోట్లో చిన్న వ దానంతటదే చేరుతుంది. ఒకటి అని రాస్తాం, వొకటి అంటాం. ఎ, ఏ వస్తే య చేరుతుంది, ఎవరు అని రాసి యెవరు అంటాం, ఏంటి అనేది యేంటి అవుతుంది. ఇందులో సోమరితనం లేదు, చదువు లేకపోవడం లేదు, ఇది భాష నియమం, తెలుగు మాట్లాడే ప్రొఫెసర్ నోట్లోనూ ఉంటుంది. ఆ నియమమే ఇంగ్లీష్ మాటల మీదకి కూడా వెళ్తుంది, కాబట్టి యెగ్గు, యెం, యెన్, వొకే, వోన్లీ.

ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఒకటి అనే అంకెని ఏమంటారు? వన్. స్పెల్లింగులో మొదటి అక్షరం ఓ, మరి వ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకప్పుడు ఆ మాటకి వ లేదు. "ఓన్లీ", "అలోన్" ఆ మాట నుంచి పుట్టినవే, వాటిలో పాత ఓ అలాగే ఉండిపోయింది. ఇంగ్లండ్ నైరుతి, పడమటి జిల్లాల పల్లెల్లో 14వ శతాబ్దం నుంచి దానికి ముందు వ చేర్చి పలకడం మొదలైంది. 16వ శతాబ్దంలో బైబిల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ గ్లాస్టర్‌షైర్ మనిషి, ఆయన ఆ మాటని డబ్ల్యూ పెట్టి మరీ రాశాడు. 18వ శతాబ్దానికి ఆ పల్లెటూరి వ లండన్‌తో సహా అందరి నోళ్ళల్లోకీ వచ్చేసి ఇప్పుడు అదే కరెక్ట్ అయింది. అంటే ఇంగ్లండ్ రైతు ఓ ముందు వ పెడితే ప్రపంచమంతా వన్ అని నేర్చుకుంటుంది, తెనాలి రైతు కొడుకు అదే ఓ ముందు అదే వ పెడితే నవ్వుతారు. నాకైతే ఈ ఒక్క మాట చాలు.

జ సంగతి ఇంకా బాగుంటుంది. మనవాళ్ళకి జెడ్ శబ్దం నోరు తిరగదు అంటారుగా, అది సగమే నిజం. కోస్తావాళ్ళు "రోజు" అన్నప్పుడు, "బజారు" అన్నప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి, ఆ జ, "జిల్లా"లో జ ఒకటి కావు. రోజులో నాలుక పళ్ళ దగ్గరికి వస్తుంది, అది ఇంగ్లీష్ జెడ్‌కి దాదాపు పక్కింటి శబ్దం. పాత నిఘంటువుల్లో దీనికి విడిగా గుర్తు పెట్టి ౙ అని అచ్చు వేసేవాళ్ళు. అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒ ముందు ఈ ౙ వస్తుంది, ఇ, ఎ ముందు మామూలు జ వస్తుంది. అందుకే ఒకే మనిషి "జూ పార్క్" అన్నప్పుడు జెడ్ చక్కగా పలికి, "జీరో", "ఈజీ", "జిప్" అన్నప్పుడు మాత్రం జ అంటాడు. శబ్దం మన నోట్లో ఉంది, ఈ-కారం ముందు దాన్ని వాడే అలవాటు లేదు, అంతే. ఈ మాట ఏ ఇంగ్లీష్ టీచరైనా పిల్లలకి చెప్తే, "రోజులో జ ఉంది చూడు, దాన్నే పట్టుకుని జీరో అను" అంటే, గంటల తరబడి అద్దం ముందు నిలబెట్టాల్సిన పని ఉండదు. నా చదువంతటిలో ఏ మాస్టారూ చెప్పలేదు.

బ్యాంక్, క్యాట్‌లో వచ్చే అచ్చు కూడా అంతే. చెప్పాడు, తెచ్చాడు అన్నప్పుడు మధ్యలో మనం పలికేది పుస్తకంలో ఉన్న ఆ-కారం కాదు, ఆ కీ ఏ కీ మధ్యలో ఉండే శబ్దం, అది దానికి చాలా దగ్గర. దానికి విడిగా అక్షరం లేదు కాబట్టి ్యా అని సర్దుకుంటున్నాం, అక్షరం లేదు కాబట్టి శబ్దమే లేదనుకుంటున్నాం.

హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషగా పెరిగినవాళ్ళకి జెడ్‌తో ఏ ఇబ్బందీ లేదు, ఉర్దూలో అది రోజూ పలికే శబ్దమే, కానీ వాళ్ళు ఇస్కూల్, ఇస్టేషన్ అంటారు. మన కోస్తాలో స్కూలు అని మొదలు బాగానే పలికి చివర ఉ చేరుస్తాం. స్పానిష్ వాళ్ళు కూడా ఇంగ్లీష్ మాట్లాడితే ఎస్కూల్ అనే అంటారు, కానీ వాళ్ళు అంటే మనకది వాళ్ళ యాస, ముచ్చటగా ఉంటుంది, ఇక్కడి ఆటో డ్రైవర్ అంటే మాత్రం ఇంగ్లీష్ రాదు.

ఇంక అసలు ఇంగ్లీషువాళ్ళ సంగతి. మనం ఇంగ్లీష్ అంటే ఎక్కడో ఒక కరెక్ట్ ఉచ్చారణ ఉంది, దానికి మనం ఎంత దగ్గరో ఎంత దూరమో కొలుచుకోవాలి అనుకుంటాం. ఆ కరెక్ట్ ఏదో అక్కడివాళ్ళకే కుదరలేదు. "కార్" అన్నప్పుడు చివరి ర పలకాలా వద్దా? లండన్ పెద్దమనుషుల ఉచ్చారణలో పలకరు, కాః అన్నట్టు వదిలేస్తారు. స్కాట్లండ్‌లో పలుకుతారు, ఐర్లండ్‌లో పలుకుతారు, అమెరికాలో చాలాచోట్ల పలుకుతారు, మనమూ పలుకుతాం. న్యూయార్క్‌లో ఒకప్పుడు లండన్‌లాగే ర వదిలేయడం గొప్ప, తర్వాత అది తిరగబడి ర పలకడం గొప్ప అయింది. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్ళాడు, ఒకటి బాగా ఖరీదైంది, ఒకటి మధ్యతరగతిది, ఒకటి చవకది. నాలుగో అంతస్తులో ఉన్న వస్తువు ఏదో ముందే తెలుసుకుని అది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, సేల్స్‌వాళ్ళు "ఫోర్త్ ఫ్లోర్" అని చెప్పాలి కదా, అందులో రెండు ర లు ఉన్నాయి. వినపడనట్టు మళ్ళీ అడిగితే ఇంకోసారి జాగ్రత్తగా చెప్తారు. ఖరీదైన షాపులో ర ఎక్కువ వినపడింది, చవక షాపులో బాగా తక్కువ. లండన్‌లో వదిలేస్తే గొప్ప, న్యూయార్క్‌లో పలికితే గొప్ప, అదే ర, అదే మాట. ఇందులో శబ్దం గొప్పతనం ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించాలి. డబ్బున్నవాళ్ళు ఏది పలికితే అది గొప్పదవుతోంది.

బీబీసీ ఇంగ్లీష్ అని మనవాళ్ళు దండం పెట్టే ఉచ్చారణ కూడా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. డేనియల్ జోన్స్ 1917లో ఉచ్చారణ నిఘంటువు వేసినప్పుడు దక్షిణ ఇంగ్లండ్‌లో ఖరీదైన బోర్డింగ్ స్కూళ్ళలో చదివిన మగవాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేదాన్ని నమూనాగా తీసుకున్నాడు, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. 1926లో బీబీసీ అనౌన్సర్లు ఏ మాట ఎలా పలకాలో తేల్చడానికి కమిటీ వేసుకుంది, కవి రాబర్ట్ బ్రిడ్జెస్ దానికి ఛైర్మన్, ఆయన తర్వాత బెర్నార్డ్ షా. అంత పెద్దవాళ్ళు కూర్చుని తేల్చాల్సి వచ్చిందంటే అప్పటిదాకా తేలలేదనే గదా అర్థం. యుద్ధం రోజుల్లో, 1941లో, యార్క్‌షైర్ యాస ఉన్న విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ వార్తలు చదివిస్తే అభ్యంతరాలు వచ్చాయి, సొంత దేశం మనిషి సొంత భాషలో చదివినా సరే. బ్రిటన్‌లో ఆ "అసలైన" ఉచ్చారణ ఉన్నవాళ్ళు 3 శాతం దాకా ఉంటారని భాషాశాస్త్రవేత్త పీటర్ ట్రడ్గిల్ అంచనా. మిగతా 97 మంది సంగతేంటి మరి, వాళ్ళకి ఇంగ్లీష్ రానట్టా?

థ శబ్దం కూడా చూడండి. "థింక్" అన్నప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి, మనం పళ్ళ వెనక ఆనించి త అనో థ అనో అంటాం. ఐర్లండ్‌లో ఎన్నో నాటకాలు, కవితలు, పార్లమెంటు ఉపన్యాసాలు నడిచిన ఇంగ్లీషులో చాలామంది పలికేది ఇదే, పళ్ళకి ఆనించిన త. లండన్ తూర్పు వీధుల్లో అయితే ఫింక్ అంటారు. హెచ్ అనే అక్షరం పేరు ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్కులు హ తో మొదలుపెట్టి హేచ్ అంటారు, ప్రొటెస్టెంట్లు ఏచ్ అంటారు, ఒక్క అక్షరం పలికితే మతం తెలిసిపోయే పరిస్థితి అక్కడ. మనం హెచ్ అంటాం, ఐర్లండ్ సగం మనవైపే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉంటాను కాబట్టి రోజూ నాలుగు దేశాలవాళ్ళతో కాల్స్ ఉంటాయి. అమెరికా అతను రౌటర్ అంటాడు, లండన్ అతను రూటర్ అంటాడు, ఆస్ట్రేలియా ఆవిడ క్యాష్ మెమరీని కేష్ అంటుంది, డేటా డాటా రెండూ నడుస్తాయి, ఎస్‌క్యూఎల్‌ని సగం మంది సీక్వెల్ అంటారు. జీఐఎఫ్ బొమ్మల్ని గిఫ్ అనాలా జిఫ్ అనాలా అని ఆ ఫార్మాట్ తయారు చేసిన స్టీవ్ విల్‌హైట్‌నే అడిగితే 2013లో ఆయన జిఫ్ అనే చెప్పాడు, అయినా లోకం సగం గిఫ్ అనే అంటోంది. ఇక్కడ ఊరి తేడా కూడా లేదు, ఎవరి ఇష్టం వాళ్ళది. వీటిలో దేని గురించీ ఎవరూ ఎవర్నీ చూసి నవ్వడం నేను చూడలేదు.

అదే కాల్స్‌లో మా టీమ్‌లో ఇద్దర్ని గమనించాను. ఒకతను అనంతపురం నుంచి వచ్చాడు, "యెర్రర్ లాగ్" అంటాడు, "వొన్స్ అగైన్ రన్ చేశాను" అంటాడు. ఇంకొకావిడ మొదట్నుంచీ కాన్వెంటు, ఎఫ్ లు జెడ్ లు థ లు అన్నీ అద్దం తుడిచినట్టు పలుకుతుంది, టీమ్ అంతా ఆవిడ ఇంగ్లీష్ చూసి క్లయింట్ కాల్స్ ఆవిడకే ఇస్తారు. ఒక రోజు ఆవిడ "కాంపొనెంట్" అంది, మొదటి అక్షరం కాం మీద బరువు వేసి. అవతల అమెరికా మేనేజర్‌కి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది, అదే బరువుతో ఇంకొంచెం గట్టిగా, మళ్ళీ అర్థం కాలేదు, చివరికి చాట్‌లో టైప్ చేస్తే "ఓ, కమ్-పో-నెంట్" అన్నాడు, పో దగ్గర నొక్కి. ఆ కాల్‌లోనే అనంతపురం అతని యెర్రర్ ఒక్కసారికే అర్థమైంది, అతను ఎక్కడా రెండోసారి చెప్పాల్సి రాలేదు.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇక్కడుంది. ఇంగ్లీష్ చెవి మాటని పట్టుకునేది ముందుగా బరువుతో, అదే స్ట్రెస్ అంటారుగా, దానితో. మాటలో ఏదో ఒక చోట నొక్కుతారు, మిగతా అచ్చుల్ని సగం మింగేస్తారు. తెలుగులో అలా లేదు, మనం దాదాపు ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇచ్చుకుంటూ పోతాం, దీర్ఘమైతే దీర్ఘం, హ్రస్వమైతే హ్రస్వం. పైగా ఇంగ్లీషులో ఆ బరువు కదులుతుంటుంది. ఫొటోగ్రాఫ్ అంటే ఫొ మీద, ఫొటోగ్రఫీ అంటే టో మీద, ఫొటోగ్రాఫిక్ అంటే గ్రా మీద. మనం మూడింటినీ ఒకేలా లాగుతాం. హోటల్ అంటే మనం హో మీద, వాళ్ళు టెల్ మీద. ఈవెంట్ అంటే మనం ఈ మీద, వాళ్ళు వెంట్ మీద. ఇది స్పెల్లింగ్ చూస్తే తెలియదు, అక్షరాలు నేర్చుకుంటే రాదు, విడిగా చెప్పాలి.

ఇది నా కనిపెట్టుడేమీ కాదు. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నామే, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరుతో హైదరాబాద్‌లోనే మొదలైన సంస్థ, అక్కడ పనిచేసిన ఆర్.కె. బన్సల్ మనవాళ్ళ ఇంగ్లీష్ బయటివాళ్ళకి ఎంతవరకు అర్థమవుతోందో పరిశోధించి 1969లో అచ్చు వేశాడు. అర్థం కాకపోవడానికి పెద్ద కారణాల్లో ఈ బరువు తప్పుగా పడటం ఒకటని అందులో ఉంది. మన ఊళ్ళోనే, అన్నేళ్ళ కిందటే తేల్చి పెట్టారు. మన స్కూళ్ళు, స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లు ఇప్పటికీ వీ (V) కీ డబ్ల్యూ (W) కీ తేడా చెప్పడం మీదే వారాలు గడుపుతాయి.

మా పిన్ని కొడుకు పార్వతీపురం దగ్గర పెరిగాడు, కెమిస్ట్రీలో మంచి మార్కులు, వాడికి సబ్జెక్టు ఎంత వచ్చో నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాడు. చదువు గురించి చెప్తూ "యెం.ఎస్సీ" అన్నాడు, ప్యానెల్లో ఒకాయన పక్కాయన వైపు తిరిగి "యెం" అని మెల్లిగా అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే, తర్వాత వాడు తెలిసిన ప్రశ్నలకి కూడా ఒక్కో ముక్కలో చెప్పి బయటికొచ్చేశాడు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు, "అన్నయ్యా, వాళ్ళకి నేనన్నది అర్థమైంది, అర్థమైతేనే గదా మళ్ళీ అనగలిగారు" అని. వాడు అన్నదాంట్లో మొత్తం ఉంది. అర్థమైనదాన్ని తప్పు అనడానికి ఇంక ఏ కారణం మిగిలింది, వాడి ఊరు తప్ప?

వినేవాళ్ళ చెవుల మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. డొనాల్డ్ రూబిన్ అనే ప్రొఫెసర్ 1992లో అచ్చు వేసిన ప్రయోగం ఒకటుంది. జార్జియా యూనివర్సిటీ స్టూడెంట్లకి ఒకే అమెరికన్ గొంతుతో రికార్డు చేసిన పాఠం వినిపించారు, కొందరికి టీచర్ అని తెల్లావిడ ఫోటో చూపించారు, కొందరికి ఆసియా ఆవిడ ఫోటో. గొంతు ఒకటే, మాట ఒకటే. ఆసియా ముఖం చూసినవాళ్ళు యాస తేడాగా ఉందన్నారు, పాఠం గుర్తుపెట్టుకోవడంలో కూడా వెనకబడ్డారు. లేని యాస కళ్ళతో విన్నారు. మిషన్లు కూడా మనుషుల్ని చూసే నేర్చుకుంటాయి, 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 5 పెద్ద కంపెనీల స్పీచ్ సాఫ్ట్‌వేర్లని పరీక్షిస్తే తెల్లవాళ్ళ మాటల్లో సగటున నూటికి 19, నల్లవాళ్ళ మాటల్లో నూటికి 35 తప్పుగా పట్టుకున్నాయి. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీష్ తప్ప వేరే భాష లేని అమెరికన్లకే ఇది.

తెలుగులో కూడా ఇదే చేశాం గదా. ఎన్నేళ్ళు మన సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకీ కమెడియన్‌కీ తప్ప హీరోకి ఇవ్వలేదు, శ్రీకాకుళం యాస పనివాళ్ళకి తప్ప ఇవ్వలేదు. ఇంట్లో నేర్చుకున్న అలవాటే ఇంగ్లీష్ మీద కూడా చూపిస్తున్నాం.

ఇంకో పక్క నుంచి చూడండి. మచిలీపట్నం అనడం రాక ఇంగ్లీషువాళ్ళు మసూలిపటం అన్నారు, ఏలూరుని ఎల్లోర్ అన్నారు, కడపని కడ్డపా అనేలా రాశారు, రాజమహేంద్రిని రాజమండ్రి చేశారు. ఎవరైనా నవ్వారా? నవ్వలేదు సరిగదా రైల్వే బోర్డుల మీద, రిజిస్ట్రేషన్ కాగితాల మీద అదే ఎక్కించుకున్నాం. కడప ఇంగ్లీష్ స్పెల్లింగు 2005లో గానీ మారలేదు, రాజమహేంద్రవరం అధికారికంగా 2015లో గానీ వెనక్కి రాలేదు. వాళ్ళ నోరు తిరగకపోతే ఊరి పేరే మారుతుంది, మన నోరు తిరగకపోతే ఉద్యోగం పోతుంది.

ఉచ్చారణ అసలు పట్టించుకోవద్దని నేను అనట్లేదు, పట్టించుకోవాలి, ఎదుటి మనిషికి మాట చేరాలి గదా. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళల్లో ఇంగ్లీష్ మీడియం పెట్టారు, ఇంట్లో ఇంగ్లీష్ అన్నదే వినని పిల్లలు లక్షల్లో వస్తున్నారు, వాళ్ళకి ఏది ముందు నేర్పుతామన్నది చిన్న విషయం కాదు. టీచర్లున్నది కొద్దిమంది, టైమ్ ఉన్నది కొంచెం. ఆ కొంచెం టైమ్‌లో యెగ్గుని ఎగ్గు చేయడానికి కూర్చుంటే పిల్లకి నేర్పేది భయం ఒక్కటే. చాలా డిక్షనరీల్లో మాట ఉచ్చారణ రాసిన చోట ఎక్కడ నొక్కాలో దానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, ఆరో క్లాసు పిల్లలకి ఒక పూటలో చూపించొచ్చు. కొత్త మాట బోర్డు మీద రాసినప్పుడల్లా నొక్కే చోట కింద గీత గీయడానికి టీచర్‌కి సుద్దముక్క చాలు. ఇది చేసే స్కూలు ఏదైనా ఉంటే ఫీజు తక్కువైనా ఎక్కువైనా నా పిల్లల్ని అక్కడ వేస్తాను.

ఇంట్లోవాళ్ళకి ఒకటి. పిల్ల అమ్మమ్మని "యెగ్ కాదు ఎగ్ అనాలి" అని సరిదిద్దితే మురిసిపోయి వీడియో తీసి స్టేటస్ పెడుతున్నారు. ఆవిడ మందుల షాపులో మాత్ర పేరు చెప్పి తెచ్చుకుంటోంది, బ్యాంకులో ఓటీపీ అడిగి పని చేసుకుంటోంది, అవన్నీ ఆ యెగ్గు నోటితోనే. నలుగురు నవ్వాక ఆవిడ ఆ మాటలు అనడం మానేస్తుంది, తర్వాత ప్రతి చిన్న పనికీ మనల్ని వెంట రమ్మంటుంది, అప్పుడు మనమే విసుక్కుంటాం.

ఇంటర్వ్యూల్లో కూర్చునే నా తోటివాళ్ళకి ఇంకొకటి. అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పు బాబూ" అని అడగండి, అందులో తప్పేమీ లేదు, వాళ్ళూ ఏమీ అనుకోరు. అర్థమైతే తర్వాతి ప్రశ్న అడగండి.